మూడు అంశాలూ ఇష్టమే... పరిశోధనకు ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. ఉష్ణమండల వ్యాధులు, సంప్రదాయ ఆహారం, కొత్త మెటీరియల్స్ మూడింటి మీదా ఆసక్తి ఉంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని ఇంట్లో అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఇంట్లోవాళ్ల భయాన్ని కాదనను. కానీ మీరు చెప్పినవి వేర్వేరు పడవలు కావు.

మలేరియా పరీక్ష కిట్టునే చూడండి. వేలి కొన నుంచి ఒక చుక్క రక్తం, దానిపై కాస్త ద్రావణం వేస్తే కాసేపటికి ఎర్రటి గీత కనిపిస్తుంది. చాలా కిట్లలో ఆ ఎరుపు బంగారు నానోకణాలది. గీత పడేది నైట్రోసెల్యులోజ్ పొర మీద. అక్కడ చిక్కేది మలేరియా పరాన్నజీవి ప్రొటీన్. ఎక్కువ వేడి, తేమ తగిలితే కిట్టు లోపల ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు దెబ్బతింటాయి. మలేరియా ఉండేదేమో వేడి, తేమ ఉన్న చోట్లే! పైగా కొన్ని ప్రాంతాల్లో, చాలా కిట్లు వెతికే హెచ్‌ఆర్‌పీ2 అనే పరాన్నజీవి ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువే లేని పరాన్నజీవులు బయటపడ్డాయి. ఆ ఒక్క ప్రొటీన్‌నే వెతికే కిట్టుకు అవి దొరకవు. దీన్ని మెటీరియల్స్ సమస్య అనాలా, వైద్య సమస్య అనాలా?

ఆహారం సంగతికి వద్దాం. కర్రపెండలం చేదు రకాల్లో లినమారిన్ అనే పదార్థం ఎక్కువ. దాని నుంచి సైనైడ్ పుడుతుంది. ఆఫ్రికాలో కరవు రోజుల్లో, సరిగా శుద్ధి కాని పిండితోనే కడుపు నింపుకున్న పిల్లలకు, స్త్రీలకు ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ జబ్బు పేరు కొంజో. వస్తే ఇక నయం కాదు. పరిశోధకులు కనుక్కున్న నివారణ మాత్రం ఎంత సులువో చూడండి. పిండిని తడిపి, పలచగా పరచి, ఎండలో 2 గంటలు లేదా నీడలో 5 గంటలు ఉంచాలి. పిండిలోనే ఉన్న ఎంజైమ్ లినమారిన్‌ను విడగొడుతుంది, సైనైడ్ చాలావరకు వాయువుగా పోతుంది. ఎంత మిగిలిందో పిక్రేట్ కాగితం చెబుతుంది. సైనైడ్ తగిలితే దాని పసుపు రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఇందులో ఉన్నదంతా మీరు చదువుతున్న కెమిస్ట్రీయే. విద్యార్థులకు ఈ ఉదాహరణ చెప్పిన ప్రతిసారీ నాకు ఉత్సాహం వస్తుంది.

కాబట్టి మూడు అంశాల్లో ఒకదాన్ని ఎంచుకోమని నేను చెప్పను. మూడింటిలోనూ పనికొచ్చే విద్య ఒకటి గట్టిగా పట్టుకోండి. మీకైతే ఎనలిటికల్ కెమిస్ట్రీ, అంటే పదార్థంలో ఏముందో, ఎంత ఉందో కొలిచే విద్య, సరిపోతుందని నా అభిప్రాయం. జీవశాస్త్రం మీద మనసు ఎక్కువైతే బయోకెమిస్ట్రీ. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ రెండూ వచ్చాయి. ఒకటి పోషకం, మరొకటి ఉష్ణమండల వ్యాధికి మందు. ఆయన వైద్యమూ చదివారు, కానీ పరిశోధకుడిగా ప్రధానంగా పట్టుకున్న విద్య బయోకెమిస్ట్రీ.

ఎమ్మెస్సీలో స్టాటిస్టిక్స్ తప్పక నేర్చుకోండి. ముఖ్యంగా సంప్రదాయ ఆహారం మీద పనిచేయాలనుకుంటే అది లేకుండా అడుగు పడదు. పాతది కనుక మంచిదేనన్న నమ్మకంతో మొదలుపెట్టిన ప్రయోగం మనకు నచ్చిన ఫలితాన్నే చూపిస్తుంది. పెద్దల పద్ధతిని గౌరవించండి, కొలిచి చూడండి.

పీహెచ్‌డీ అంటే నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. సంస్థ పేరు కన్నా గైడ్ ఎవరన్నది ముఖ్యం. చేరేముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థులతో విడిగా మాట్లాడండి. గైడ్ వారానికి ఎంత సమయం ఇస్తారు, పాత విద్యార్థులు ఎన్నేళ్లకు బయటపడ్డారు అని మొహమాటం లేకుండా అడగండి.

ఈ లోపు ఒక పని చేయండి. మూడు రంగాల నుంచీ ఒక్కో పరిశోధన పత్రం తీసుకుని, ప్రయోగం ఎలా చేశారో రాసిన భాగం మాత్రమే చదవండి. ఒకచోట నెలల తరబడి ఊళ్లు తిరిగి నమూనాలు సేకరించి ఉంటారు, మరోచోట ఒకే కొలతను వందసార్లు తీసి ఉంటారు. ఏ పనిని రోజూ విసుగు లేకుండా చేయగలననిపించిందో రాసి పంపండి. ఎమ్మెస్సీలో ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.