గాయకుల పేర్లతో కాదు, షోల పేర్లతో వెతకండి

1960ల్లో పాడి ఆ తర్వాత మరుగున పడిపోయిన పాప్ గాయకులు పాత టీవీ క్లిప్పుల్లో దొరుకుతారట కదా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నాకైతే వెతక్కుండానే దొరికారు.

పాప పుట్టిన కొత్తలో, ఇక్కడ డాలస్‌లో. రాత్రి రెండింటికి దాన్ని భుజాన వేసుకుని హాల్లో పచార్లు చేస్తూ, ఫోను మ్యూట్‌లో పెట్టి యూట్యూబ్ చూస్తున్నాను. ఒకటి అయ్యాక ఇంకోటి దానంతటదే వస్తోంది. ఉన్నట్టుండి పాత రంగుల్లో ఒక క్లిప్పు. నల్లజాతి అమ్మాయి, చేతిలో ఎలక్ట్రిక్ గిటారు. అద్దంలో చూస్తున్నట్టు ఏదో తేడాగా ఉంది. కాపీరైట్ గొడవ తప్పించుకోవడానికి కొందరు వీడియో తిరగేసి పెడతారు, అదేమో అనుకున్నా. చూస్తే వెనక వాళ్ళంతా మామూలుగానే ఉన్నారు. ఈమెది పుర్రచేతి వాటం!

నాదీ పుర్రచెయ్యే. పలక మీద బలపం కుడిచేతికి మార్చీ మార్చీ మా అమ్మ విసిగిపోయింది. అందుకే పాప నిద్రపోయాక కూడా కూర్చోకుండా, ఇయర్‌ఫోన్లు వెతుక్కుని మొదట్నుంచీ విన్నాను.

ఆమె బార్బరా లిన్. ఊరు బోమాంట్, మా టెక్సస్‌లోనే, ఇక్కణ్ణుంచి నాలుగున్నర గంటల డ్రైవ్. 1962లో తనే రాసి పాడిన 'యూ విల్ లూజ్ ఎ గుడ్ థింగ్' అమెరికాలో ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్, నల్లజాతివాళ్ళ పాప్ సంగీతం) పాటల చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆమె ఇంకో పాటని బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ వాళ్ళు కూడా పాడారు. వాళ్ళ పేరు తెలియనివాళ్ళు లేరు, ఈమె పేరు నేను అదే వినడం. రికార్డు వింటే మంచి గొంతు అనుకుని ఊరుకుంటాం. పాడుతూ పాడుతూ గిటారు కూడా తనే వాయిస్తోందని, అదీ ఎడంచేత్తో అని, చూస్తేనే కదా తెలిసేది!

ఆ క్లిప్పు ఉన్న టీవీ షో పేరు 'ది బీట్'. పేరులో నాలుగు ఆశ్చర్యార్థకాలు కూడా ఉంటాయి, వెతికేటప్పుడు వాటితో పని లేదు. 1966లో 26 ఎపిసోడ్లు తీశారు. తీసింది ఎక్కడనుకున్నారు? డాలస్‌లోనే, డబ్ల్యూఎఫ్ఏఏ అనే టీవీ చానల్ స్టూడియోలో. ఇప్పుడు మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న ఊరు, ఒక్కరి నోటా ఈ మాట వినలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. మరుగున పడినవాళ్ళ పేర్లు మనకెలాగూ తెలియవు కాబట్టి షో పేరు కొట్టడం. నాష్‌విల్‌లో తీసిన 'నైట్ ట్రెయిన్' అలాగే దొరికింది. 1965లో అందులో ఓ జంట పాడుతుంటే వెనక గిటారు వాయిస్తున్న కుర్రాడు జిమి హెండ్రిక్స్, తర్వాత ప్రపంచమంతా పేరు మోగిన గిటారిస్టు, అప్పటికి అనామకుడు. కానీ నేను మళ్ళీ మళ్ళీ చూసేది అదే షోలోని జాకీ షేన్ క్లిప్పు. ట్రాన్స్‌జెండర్ గాయని, ఆ రోజుల్లో, అమెరికా దక్షిణాది టీవీలో, మేకప్‌తో, ఏ మాత్రం బెరుకు లేకుండా. 1971 తర్వాత వేదిక దిగిపోయి చాలా ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. 2017లో పాత పాటలన్నీ కలిపి ఆల్బమ్‌గా వస్తే గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళింది. 2019లో పోయారు.

జర్మనీ 'బీట్ క్లబ్', అమెరికా 'షిండిగ్' కూడా చూడండి. బ్రిటన్ 'టాప్ ఆఫ్ ది పాప్స్' మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. వీడియో టేపు ఖరీదని బీబీసీ వాళ్ళు దాని మీదే మళ్ళీ రికార్డు చేసుకున్నారు. 1964 జనవరి 1 నాటి మొట్టమొదటి ఎపిసోడే లేదు. హైదరాబాదుకి దూరదర్శన్ 1977లో గానీ రాలేదు, అయినా బీబీసీ వాళ్ళు చెరిపేసిన టేపుల కోసం నాకు దిగులు!

ఇంకోటి, ఎలక్ట్రిక్ గిటారుకి వైరు ఉందో లేదో చూడండి. లేకపోతే రికార్డు పెట్టి పెదాలు ఆడిస్తున్నారన్నమాట. ప్లేబ్యాక్ మనకేం కొత్త కాదనుకోండి.

బార్బరా లిన్ క్లిప్పు మా అమ్మకి వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులకి జవాబొచ్చింది: "బాగా పాడింది. అన్నం ఏ చేత్తో తింటుందట?"