జిగురు అట్టకు ఎలుకకన్నా ముందు మన పాములే బలి

ప్రశ్న: వరి పిలకల దశలో ఉంది. ఎలుకల కోసం గట్ల మీద జిగురు అట్టలు పరిచాను. రెండు చిన్న ఎలుకలు పడ్డాయి గానీ ఒక జెర్రిపోతు కూడా అతుక్కుని చనిపోయింది. వేరే మార్గం చెప్పండి. – ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందుగా అట్టలన్నీ ఈ రోజే తీసేయండి. జిగురు వైపు కాగితం అంటించి మడిచి పారేయాలి. గట్టు మీద వదిలితే ఇంకేదో జీవి చిక్కుకుంటుంది.

పొలంలో వీటివల్ల ప్రయోజనం తక్కువ. దుమ్ము, మంచు పడితే జిగురు పట్టు తగ్గుతుంది, బలమైన ఎలుక విదిలించుకుని పోతుంది. చిక్కిన పిల్ల ఎలుక కీచుమంటూ కొట్టుకుంటుంటే అదే ఎరగా మారి గుడ్లగూబనూ పామునూ రప్పిస్తుంది. పొట్ట పొలుసులు అంటుకున్న పాము మెలికలు తిరిగిన కొద్దీ ఒళ్లంతా అంటుకుపోతుంది. అలా గంటల తరబడి నరకయాతన పడి చస్తుంది. తొండలకూ చిన్న పక్షులకూ ఇదే గతి.

జెర్రిపోతుకు విషం లేదు. బొరియలోకి దూరి తల్లినీ పిల్లలనూ కలిపి తినే వేటగాడు మీ పొలంలో అదే. 2022 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో దానికి చోటు దక్కింది కూడా.

మీ ప్రాంతంలో వెదురు ఎలుక బుట్టలు పెట్టేవారు ఉంటారు, వారిని పిలిపించండి. బుట్టలు సాయంత్రం పెట్టి తెల్లవారగానే తీసేయాలి. పగలు ఉంచితే గింజల కోసం వచ్చే పక్షులు పడే ప్రమాదం ఉంది. గట్లు సన్నగా, కలుపు లేకుండా ఉంచితే బొరియలు తగ్గుతాయి.

అప్పటికీ ఉధృతి తగ్గకపోతేనే మందు. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, మర్నాటికి తెరుచుకున్నవాటిలోనే ఎర పెట్టండి. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ 2 పాళ్లు కలిపి, 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి బొరియ లోపలికి నెట్టాలి. గట్టు మీద చల్లితే పక్షులు తింటాయి. కలిపేటప్పుడు చేతికి తొడుగు తప్పనిసరి. ఈ మందు తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. దాన్ని తిన్న గుడ్లగూబకూ విషం ఎక్కుతుంది. కాబట్టి రోజూ ఉదయం గట్లు తిరిగి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చండి.

పొట్ట దశ (వెన్ను బయటికి రాకముందు కాండం ఉబ్బే దశ) దాటితే గింజ రుచి మరిగిన ఎలుక ఎరను సరిగా ముట్టదు. చుట్టుపక్కల రైతులతో మాట్లాడుకుని ఈ వారంలోనే అందరూ కలిసి మొదలుపెట్టండి.

ఇంకెక్కడైనా అట్టకు అంటుకున్న పాము బతికి కనిపిస్తే లాగవద్దు, చర్మం ఊడి వస్తుంది. అది రక్తపింజరి కూడా కావచ్చు. దూరంగా ఉండి అటవీ శాఖకు ఫోను చేయండి.