మధ్యాహ్నం ఎండ, రాత్రి ఛార్జింగ్

ప్రశ్న: మా మిద్దె మీద రెండు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించి నెట్ మీటరు వేయించుకున్నాం. ఎలక్ట్రిక్ స్కూటరుకు రాత్రి పడుకునే ముందు ఛార్జింగ్ పెడుతున్నాను. అది బొగ్గు కరెంటేనని మా అబ్బాయి, సోలార్ కరెంటేనని నేను వాదించుకుంటున్నాం. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తాను కానీ, ఎండ వేళ ఛార్జింగ్ పెడితే బ్యాటరీ చెడుతుందని భయం.
– బట్టల దుకాణదారు, అనంతపురం

జవాబు: బిల్లు వరకే చూస్తే మీ మాట, కరెంటు సంగతి చూస్తే మీ అబ్బాయి మాట సరైనవి. పగలు మీరు లైనుకు పంపిన యూనిట్లను రాత్రి వాడిన వాటికి చెల్లువేసే నెట్ మీటరు, అవి ఏ వేళ యూనిట్లో చూడదు. మధ్యాహ్నం పంపినది రాత్రి దాకా తీగల్లో నిలవ ఉండదు. ఆ క్షణానే పక్కింటి ఫ్యానుకో ఫ్రిజ్జుకో ఖర్చయిపోతుంది. రాత్రి పదింటికి మీ స్కూటరుకు అందేది చాలావరకు ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు మండించి తీసిన కరెంటు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన కొండల మీది గాలిమరలు కొంత తోడవుతాయి.

పగటి మిగులును రాత్రికి దాచే మార్గం లేకపోలేదు. పిన్నాపురం వద్ద చేపట్టిన పంప్డ్ స్టోరేజీ పథకం అటువంటిదే: పగలు నీటిని పై జలాశయానికి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అయితే ఈ పద్ధతిలో నాలుగు యూనిట్లు ఖర్చుపెడితే తిరిగి చేతికొచ్చేది సుమారు మూడు. ఎండ ఉండగానే వాడుకున్న యూనిట్‌కు ఈ తరుగు ఉండదు.

రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే స్కూటరుకు ఒక యూనిట్, మహా అయితే ఒకటిన్నర చాలు. 750 వాట్ల ఛార్జరుతో అది గంటన్నర, రెండు గంటల పని. మధ్యాహ్నం భోజనం వేళకు మీ పలకలు కిలోవాట్‌కు పైగానే ఇస్తుంటాయి కనుక, ఇంట్లో ఏసీ వంటిది నడవకపోతే, స్కూటరుకు బయటి కరెంటు అవసరమే రాదు.

మీ భయంలో కొంత నిజముంది. చెడుపు చేసేది మధ్యాహ్నం కాదు, బ్యాటరీలోని వేడి. 40 డిగ్రీల ఎండలో నడిపి తెచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకండి. నీడలో నిలిపి, భోజనం ముగించి, చేయి కడుక్కున్నాక పెట్టండి. ఆ అరగంటలో బ్యాటరీ కొంత చల్లబడుతుంది.

ఆ సమయంలో లైనులో కరెంటు పోతే, మీది బ్యాటరీ లేని మామూలు నెట్ మీటరు ఏర్పాటైతే, నెత్తిన ఎండ మండుతున్నా మీ సోలార్ ఇన్వర్టరు సైతం ఆగిపోతుంది. అది లోపం కాదు, స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ పలకల కరెంటు తగలకుండా చేసిన కట్టడి.