దిగిపొమ్మని రాజుకి ఎవరు చెప్పాలి?

ప్రశ్న: అధ్యక్షుడిగా ఎవరు గెలిచినా ఏదో ఒక పార్టీ మనిషే. రాజుకి పార్టీ ఉండదు, ఓట్ల టెన్షన్ ఉండదు. 1981లో స్పెయిన్‌లో సైనిక తిరుగుబాటును ఆపింది రాజేనని చదివాను. పాలన ఎలాగూ ప్రధానమంత్రిదే కాబట్టి, పైన రాజు ఉంటేనే మంచిది కదండీ?

జవాబు: ఆ రాత్రి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకూ ఇలాగే అనిపించింది. ఫిబ్రవరి 23న సివిల్ గార్డులు (సైన్యం తరహా పోలీసు దళం) తుపాకులతో పార్లమెంటులోకి చొరబడి సభ్యులను బందీలుగా పట్టుకున్నారు. అర్ధరాత్రి దాటాక రాజు హువాన్ కార్లోస్ సైనిక దుస్తుల్లో టీవీలో కనిపించి, తాను రాజ్యాంగం పక్షానే ఉన్నానని చెప్పాడు. తిరుగుబాటు చల్లబడింది. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే.

తర్వాత ఇటలీ గురించి చదివాను. 1922 అక్టోబరులో ఫాసిస్టు నాయకుడు ముస్సోలినీ మనుషులు రోమ్ మీదికి బయలుదేరినప్పుడు, వాళ్లను సైన్యంతో ఆపడానికి ప్రధాని ఫాక్టా మార్షల్ లా ఉత్తర్వు తీసుకెళ్తే రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. పైగా ముస్సోలినీనే పిలిచి ప్రభుత్వం అప్పగించాడు. ఆయనకూ పార్టీ లేదు, ఓట్ల భయం లేదు. అంటే స్పెయిన్‌ను కాపాడింది ఆ వేళకు సింహాసనం మీద ఉన్న మనిషి. అలాంటి మనిషే పుడతాడని ఎవరు హామీ ఇస్తారు?

ఓటేసి ఎన్నుకున్నవాళ్లు తప్పు చేయరా అంటే, చేస్తారు. 1933లో జర్మనీలో హిట్లర్‌ను ఛాన్సలర్‌గా, అంటే ప్రధానిగా, నియమించిన హిండెన్‌బర్గ్ జనం రెండుసార్లు గెలిపించిన అధ్యక్షుడే. అందుకే నేను ముందు చూసేది, తప్పు జరిగాక ఆ మనిషిని దింపే దారి ఉందా అని. ఇటలీ రాజు 46 ఏళ్లు గద్దె మీద ఉన్నాడు. రాజరికం కావాలా వద్దా అని జనాన్ని అడిగింది 1946 జూన్‌లో, యుద్ధంలో దేశం చితికిపోయాక. సుమారు 54 శాతం మంది వద్దన్నారు. స్పెయిన్‌లోనూ హువాన్ కార్లోస్ డబ్బు వ్యవహారాల మీద విచారణలు వచ్చాయి కానీ, రాజుగా ఉన్న కాలానికి రాజ్యాంగ రక్షణ అడ్డుపడింది.

జర్మనీలో చూడండి. 2012 ఫిబ్రవరిలో అధ్యక్షుడు వుల్ఫ్ మీద దర్యాప్తు కోసం ఆయనకున్న రక్షణను ఎత్తేయమని ప్రాసిక్యూటర్లు అడిగారు. మర్నాడే రాజీనామా చేశాడు. తర్వాత కోర్టు నిర్దోషి అంది, అది కూడా చెప్పాలి. నెలలోపే కొత్త అధ్యక్షుడు ఎన్నికయ్యాడు. పేరు గౌక్, ఒకప్పటి చర్చి పాస్టర్. ఏ పార్టీ సభ్యుడూ కాడు. మీ మొదటి సందేహానికి జవాబు ఇదే అనుకుంటున్నాను.

రాజుల్లో నాకు బాగా నచ్చినవాడు నార్వే ఏడో హాకోన్. 1905లో సింహాసనం ఇస్తామంటే, ముందు జనాన్ని అడగండి అన్నాడు. ఓటింగ్‌లో సుమారు 79 శాతం మంది రాజరికానికి సరేనన్నాకే వచ్చాడు. 1991లో ఆయన మనవడు హరాల్డ్ రాజైనప్పుడు మాత్రం జనాన్ని ఎవరూ అడగలేదు.