ఆ ఊరి చెరువునే లెక్కపెట్టు, నాన్నా

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీస్సులు.

జనవరి నీటిపక్షుల గణనకు క్లబ్బు వాళ్ళు నీకు ఒక బృందాన్ని అప్పగించారని నిన్న ఫోనులో ఎంత సంబరంగా చెప్పావో, ఆ వెంటనే "ఉప్పలపాడు మాత్రం ఇవ్వలేదత్తా" అన్నప్పుడు నీ గొంతు అంతగా పడిపోయింది. తెనాలి దారిలో ఏదో ఊరి చెరువట, అక్కడ చూడటానికి ఏముంటుంది అన్నావు. నేను అప్పుడు ఏమీ అనలేదు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు.

గుంటూరు దగ్గరి ఆ ఉప్పలపాడు పక్షుల చెరువును నేను తక్కువ చెయ్యను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కొమ్మకొమ్మనా గూళ్ళు కట్టుకునే ఆ చెట్లను, చెట్లు చాలక నీళ్ళలో నిలబెట్టిన ఆ ఇనుప స్టాండ్లను ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అయితే ఆ చెరువుకు కళ్ళు చాలానే ఉన్నాయి. ఫొటోలు తీసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆదివారం పూట వచ్చే కుటుంబాలు, అటవీ శాఖ సిబ్బంది. అక్కడ పక్షులు తగ్గితే వారం తిరక్కుండానే పదిమంది నోళ్ళలో పడుతుంది. నీ చెరువులో తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఉప్పలపాడుది కూడా మొదట్లో మామూలు ఊరి చెరువే. ఊరివాళ్ళు పక్షుల్ని తరమకుండా ఉండనిచ్చారు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది.

కొల్లేరు సంగతి నీకు చెప్పానో లేదో. ఆ పరిసరాల్లో, పశ్చిమ గోదావరి వైపు, గూడబాతులు గూళ్ళు కట్టే పెద్ద స్థావరాన్ని 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు చూసి లోకానికి తెలియజేశారు. 1970ల నాటికి అది పూర్తిగా ఖాళీ అయింది. తరువాత కొల్లేటి ఒడ్డునే ఉన్న ఆటపాకలో గూడబాతులు మళ్ళీ గూళ్ళు కట్టడం మన అదృష్టం. అయితే ఆనాడు ఒక మనిషి చూసి రాసి పెట్టబట్టే అక్కడ ఏం పోయిందో మనకు తెలిసింది. కృష్ణా డెల్టాలో ఎవరూ రాయని చెరువులు ఎన్ని ఖాళీ అయ్యాయో చెప్పమంటే చెప్పడానికి మన దగ్గర కాగితం లేదు. నీకిచ్చిన చెరువు ఆ జాబితాలో చేరకూడదని నా కోరిక.

ఇక పని సంగతి.

గణన రోజున మొదటిసారి చెరువు ముఖం చూడకు. డిసెంబరులో కనీసం రెండుసార్లు ఒంటరిగా వెళ్ళి రా. తూము ఎక్కడుంది, జమ్ము ఏ మూల పెరిగింది, గుర్రపుడెక్క ఎంతమేర కప్పేసింది, కట్ట మీద నడవడానికి దారి ఉందా లేదా, ఇవన్నీ చిన్న బొమ్మగా గీసుకో. బట్టలు ఉతికేవాళ్ళతో, గేదెలు తోలుకొచ్చేవాళ్ళతో మాట్లాడు. ఏ పక్షి ఏ వేళకు వస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. పేర్లు కూడా వాళ్ళనే అడుగు. బూడిదరంగు పెద్ద కొంగను నేను ఏళ్ళ తరబడి ఇంగ్లిషు పేరుతోనే పిలిచాను. ఒకసారి కృష్ణ ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన "అది నారాయణ పక్షమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పక్షి నీళ్ళలో కదలకుండా నిలబడితే నాకు జపం చేస్తున్నట్టే కనిపిస్తుంది. బుడబుంగ, బొల్లికోడి, లకుముకి పిట్ట, తీతువు, ఉల్లంకి, ఈ పేర్లు నీ బృందంలో పిల్లల నోట నలగనివ్వు. ఫారంలో ఇంగ్లిషు పేరే రాయాల్సి వస్తుంది, రాయండి. కట్ట మీద మాత్రం మన పేర్లతో పిలుచుకోండి.

జనవరి నడుమ మన వైపు సూర్యుడు పొద్దున ఆరున్నర దాటాకే పైకి వస్తాడు. ఆరుంబావుకల్లా కట్ట మీద ఉండండి. తూర్పు గట్టున నిలబడి పడమర వైపు చూడాలి, వెలుగు మీ వీపు మీద పడాలి. ఎదురు వెలుగులో ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. మంచు పట్టిన రోజైతే తొందరపడకండి, అది విడిచేదాకా ఆగండి. బైనాక్యులర్ కొనాలని అడిగావు కదా, ఎనిమిది రెట్లు చూపేది చాలు. పది రెట్లది కొంటే బొమ్మ పెద్దగా కనిపిస్తుంది కానీ చేతి వణుకు కూడా అంత పెద్దదవుతుంది.

లెక్కపెట్టడం చేత్తో నేర్చుకోవాలి. ఇంట్లో పళ్ళెంలో గుప్పెడు మినుములు చల్లి, ఐదు సెకన్లు చూసి, ఎన్ని ఉన్నాయో ఒక అంకె కాగితం మీద రాయి. తరువాత కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టు. మొదటి వారం నువ్వు తక్కువే రాస్తావు, చాలామందికి అలాగే జరుగుతుంది. గుంపు పెద్దదయ్యేకొద్దీ కన్ను తగ్గించి చెబుతుంది. పది రోజులు చేస్తే కన్ను దారికొస్తుంది. అప్పుడు నీళ్ళ మీద గుంపు కనబడగానే ముందు పది పక్షుల్ని ఖచ్చితంగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టిందో మనసులో ముద్ర వేసుకుని, ఆ ముద్రను గుంపు మీద ఒక చివర నుంచి మరో చివరకు జరుపుకుంటూ వెళ్ళు. గుంపు వందల్లో ఉంటే ముద్ర యాభైది. వేలల్లో ఉంటే వందది. గుంపు నడుమ ఒత్తుగా, అంచుల్లో పలుచగా ఉంటుంది, ముద్రను దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఒకరు చూస్తూ చెప్పాలి, ఒకరు రాయాలి. చూసేవాళ్ళే రాస్తే తల దించిన క్షణంలో పక్షి జాగా మారుతుంది. అరగంటకోసారి పని మార్చుకోండి, కళ్ళు అలసిపోతాయి.

పైన గద్ద గాని, జమ్ము మీద వాలుతూ తిరిగే జమ్ముగద్ద గాని వస్తే చెరువంతా ఒక్కసారి లేస్తుంది. అప్పుడు లెక్క ఆపేయండి. గాలిలో తిరిగే బాతుల్ని లెక్కపెడితే అవే రెండుసార్లు వస్తాయి. అవి దిగి కుదురుకున్నాక మొదటి నుంచి మొదలుపెట్టండి, విసుగనుకోకండి. బుడబుంగలు మునిగి ఎక్కడో తేలతాయి. వాటిని మూడుసార్లు లెక్కపెట్టి, మూడింటిలో పెద్ద అంకె రాయండి, ఎందుకంటే మునిగినవి లెక్కలోంచి తప్పిపోవడమే ఎక్కువ.

తెల్లకొంగల దగ్గర చాలామంది తడబడతారు. ముక్కు నలుపు, కాలివేళ్ళు పసుపు అయితే చిన్న తెల్లకొంగ. ఈ కాలంలో ముక్కు పసుపుగా, మెడ పొట్టిగా, ఒళ్ళు కుదిమట్టంగా ఉండి గేదెల వెంట తిరిగేది పశువుల కొంగ. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి వెళ్ళినట్టు కనిపించే పొడుగు మెడది పెద్ద తెల్లకొంగ. ఈ మూడింటికీ ఒదగకపోతే మధ్యరకం కావచ్చు. ఏదీ తేలకపోతే "తెల్లకొంగ, రకం తెలియదు" అని రాయి. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట బ్యారేజీకి ఎగువన లంకల వైపు ఒక మంచు పొద్దున నలభైకి పైగా బాతులు కనిపించాయి. దూరంగా ఉన్నాయి, రంగు తెలియడం లేదు. రెండింటికి తోకలు సన్నగా కనిపించినట్టనిపించింది. ఆ ఏడు మా పక్క జట్టుకు సూదితోక బాతులు దొరికాయి, మాకు దొరకలేదు. నేను అన్నింటినీ సూదితోక బాతులుగా రాసేశాను. మరుసటి ఏడు అదే చోట ఒక్కటీ లేదు. లెక్కలు పక్కపక్కన పెట్టి చూసిన యువకుడు ఒకడు "నలభై బాతులు ఒక్క ఏడాదిలో పోయాయా, కారణం ఏమై ఉంటుంది మేడమ్" అని నన్ను అడిగాడు. అవి పోయాయో, అసలు వచ్చాయో లేదో నాకే తెలియదు. నేను రాసిన ఒక్క వరుస వల్ల ఆ పిల్లవాడు లేని కారణాన్ని వెతుకుతున్నాడు. ఆ రోజే సమన్వయకర్తకు జరిగింది చెప్పి ఆ వరుసను "గుర్తు తెలియని బాతులు" అని మార్పించాను. ఆ మాట చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. నీకు ఆ కష్టం వద్దు.

ఈ గణన జనవరిలోనే ఎందుకు పెట్టారో పిల్లలకు చెప్పు. ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతలి నుంచి వచ్చిన పక్షులు అప్పటికి తమ చెరువు చూసుకుని కుదురుకుంటాయి, తిరుగు ప్రయాణం ఇంకా మొదలవదు. అన్ని దేశాల్లో దాదాపు ఒకే సమయంలో లెక్కపెడితే ఒకే పక్షి రెండు చోట్ల లెక్కకు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఇలాగే జరుగుతోంది, చేసేవాళ్ళలో ఎక్కువమంది మనలాంటి స్వచ్ఛంద కార్యకర్తలే. బృందంలో ఐదుగురే ఉన్నారని కూడా దిగులుపడ్డావు. అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ రోజున జట్లుగా చీలి ఎవరు ఎక్కువ పక్షుల్ని, జంతువుల్ని కాల్చి కూలుస్తారో పందెం కట్టుకునేవారు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, చంపడం మాని లెక్కపెడదాం అని పిలుపునిచ్చాడు. మొదటి ఏడు కదిలింది 27 మందే. ఆ క్రిస్మస్ గణన నేటికీ ఆగలేదు. ఒక ఊరి చెరువుకు ఐదుగురు చాలు, నాన్నా. పదిహేను మంది వస్తే మాటలకే పక్షులు లేచిపోతాయి.

బృందంలో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారన్నావు. నాలుగైదు గంటలు కట్ట మీద ఉండాలి కాబట్టి దగ్గర్లో ఏ ఇంట్లోనైనా, బడిలోనైనా మరుగుదొడ్డి వాడుకోవడానికి ముందే మాట్లాడిపెట్టు. మా రోజుల్లో ఈ సంగతి అడిగేవాళ్ళు లేక, నేను పొద్దున మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళేదాన్ని. ఎంతమంది ఆడపిల్లలు ఒక్కసారి వచ్చి మళ్ళీ రాలేదో నాకు తెలుసు. బైనాక్యులర్ల గురించి మాట్లాడుకునేంతగా దీని గురించి కూడా మాట్లాడాలి.

పక్కన ఎవరివైనా చేపల చెరువులు ఉంటే అనుమతి లేకుండా గట్టు ఎక్కవద్దు. కొంగల్ని తరమడానికి టపాకాయలు పేలిస్తే అక్కడికక్కడ గొడవ పెట్టుకోవద్దు, అతనికి చేపే బతుకు. ఏ వేళకు పేల్చారో రాసుకో, అది లెక్కకు పనికొస్తుంది. ఫోనులో పక్షి కూతలు పెట్టి పిలిచే అలవాటు ఎవరికైనా ఉంటే మొదటి రోజే మాన్పించు.

సంక్రాంతి ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి చెట్లకు గాలిపటాల దారాలు వేలాడుతుంటాయి. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, కొమ్మలకు చిక్కిన దారం ఎవరూ తియ్యకపోతే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. సంచిలో కత్తెర, పాత తువ్వాలు, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె ఉంచుకో. చిక్కిన పక్షి దొరికితే తువ్వాలు కప్పి, దారం కత్తిరించి, పెట్టెలో చీకటిగా ఉంచి అటవీ శాఖకు ఫోను చెయ్యి. జాలిపడి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

నీకు అన్నిటికంటే కష్టమనిపించేది చివరికి దాచాను. ఆ రోజు నీ చెరువులో ఏమీ లేకపోవచ్చు. రెండు గుడ్డికొంగలు, ఒక లకుముకి పిట్ట, అంతే కావచ్చు. అప్పుడు పిల్లలు "పక్క చెరువుకు వెళ్దామా" అంటారు. వెళ్ళవద్దు. అనుకున్న సమయమంతా అక్కడే ఉండి, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నీటి మట్టం, గుర్రపుడెక్క, మనుషుల అలికిడి అన్నీ రాసి, బాతుల గడిలో సున్నా పెట్టు. గడిని ఖాళీగా వదిలితే ఎవరూ చూడలేదని అర్థం. సున్నా పెడితే చూశారు, లేవు అని అర్థం. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో పదేళ్ళ తరువాత ఆ చెరువును పూడ్చాలని ఎవరైనా వచ్చినప్పుడు తెలుస్తుంది. వచ్చే జనవరికి కూడా అదే చెరువు అడుగు. ఉప్పలపాడు ఇస్తామన్నా అదే అడుగు.

ఆ సాయంత్రమే లెక్కలు ఫారంలో ఎక్కించి పంపించు, మర్నాటికి జ్ఞాపకం అంకెల్ని సర్దడం మొదలుపెడుతుంది. నోటుపుస్తకం మాత్రం పారెయ్యకు. క్రిస్మస్ సెలవుల్లో ఒకసారి విజయవాడ రా, నా పాత పుస్తకాలు ఇస్తాను. పొద్దున్నే ఘాట్ల వైపు వెళ్ళి నీటికాకుల మీద లెక్క సాధన చేద్దాం. మినుములు, పళ్ళెం సిద్ధంగా ఉంచుతాను.

గణన రోజు రాత్రి ఎనిమిదికి ఫోను దగ్గరే కూర్చుంటాను. ముందు బొల్లికోళ్ళ లెక్క చెప్పు.

నీ మేనత్త