పాడేరు పిల్లలకు అమెరికా నుంచి డబ్బు: ముందు పాస్‌పోర్టులు చూసుకోండి

పాడేరు దగ్గరి గూడెంలో అంగన్‌వాడీ పిల్లల కోసం డాలస్‌లో స్నేహితులంతా పోగేసిన డబ్బు ఎలా పంపాలని అడిగారు కదా. ముందు ఎవరి పాస్‌పోర్టు ఏదో చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలో తీసుకోవాలి. అందుకే రెండూ కలిపేయకుండా ఎవరిది వాళ్లు పంపండి.

ఇంకోటి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సంస్థ విదేశీ విరాళాన్ని వేరే సంస్థకు బదిలీ చేయకూడదు. హైదరాబాద్‌లో పెద్ద సంస్థకు ఇస్తే వాళ్లు పాడేరులో చిన్న సంస్థకు అందిస్తారనుకోవద్దు. అక్కడ స్వయంగా పనిచేసేవాళ్లనే వెతకండి.

ఏం కొనాలో మాత్రం అంగన్‌వాడీ టీచర్‌నే అడగండి, దయచేసి. మేం ఒకసారి అడక్కుండా బొమ్మలు కొనుక్కెళ్లాం. డిసెంబరు పొద్దున, గచ్చు మంచుగడ్డలా ఉంది. పిల్లలు కాళ్లు గౌనుల్లోకి ముడుచుకుని కూర్చున్నారు. మర్నాడే పాడేరు బజారుకెళ్లి చాపలు, స్వెట్టర్లు కొన్నాం.