సాంటా మోనికా నగరం తన సొంత ఎయిర్‌పోర్టును 2028 దాకా ఎందుకు మూసేయలేకపోతోంది?

"స్థలం నగరానిదే కదా, కౌన్సిల్ తీర్మానం చేస్తే సరిపోదా? మా ఊళ్లో కూడా చిన్న మునిసిపల్ ఎయిర్‌పోర్టు మూసేస్తామంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. తీర్మానం ఒక్కటే సరిపోదండి. అమెరికాలో ఇలాంటి చోట్ల స్థలం ఎవరిదన్నదాని కన్నా, నగరం ఏయే కాగితాల మీద సంతకం పెట్టిందన్నదే ముఖ్యం.

కాలిఫోర్నియాలోని సాంటా మోనికానే చూడండి. ఇక్కడి ఎయిర్‌పోర్టును మొదట క్లోవర్ ఫీల్డ్ అనేవారు. 1924లో భూమిని చుట్టి వచ్చిన డగ్లస్ కంపెనీ విమానాలు ఈ ఊళ్లో తయారైనవే. ఆ కంపెనీదే డీసీ-3 అనే ప్రయాణికుల విమానం తొలిసారి ఎగిరింది కూడా ఇక్కడే, 1935 డిసెంబర్ 17న. రెండో ప్రపంచ యుద్ధంలో ఫెడరల్ ప్రభుత్వం దీన్ని లీజుకు తీసుకుని, 1948లో తిరిగి అప్పగించింది. చిక్కంతా ఆ అప్పగింత పత్రంలోనే ఉంది: ఎయిర్‌పోర్టుగా వాడకపోతే హక్కు ఫెడరల్ ప్రభుత్వానికి పోతుందన్న షరతు పెట్టారు. "మేం లీజుకిచ్చామే గానీ అమ్మలేదు, మా భూమికి ఆ షరతు ఎలా వర్తిస్తుంది?" అని నగరం 2013లో కోర్టుకెక్కింది. నా దృష్టిలో అది గట్టి వాదనే.

ఈలోగా రన్‌వే చివర్ల దాకా ఇళ్లొచ్చేశాయి. డీసీ-8 అనే జెట్ విమానం కోసం రన్‌వే పొడిగించమని డగ్లస్ అడిగితే నగరం ఒప్పుకోలేదు, కంపెనీ ఆ పనిని లాంగ్ బీచ్‌కు తరలించింది. ఉద్యోగాలు పోయాక ఊరికి మిగిలింది చప్పుడే. జెట్ల మీద పెట్టిన పూర్తి నిషేధాన్ని కోర్టు కొట్టేసింది, చప్పుడు పరిమితిని మాత్రం ఉంచింది. 1984లో ఎఫ్ఏఏతో (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఒప్పందం కుదిరింది, దాని గడువు 2015. 2008లో వేగంగా దిగే సీ, డీ కేటగిరీ జెట్లను నిషేధిస్తే అదీ నిలవలేదు. ఎయిర్‌పోర్టు పనులకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే గ్రాంటు తీసుకున్నవాళ్లు విమానాల మధ్య అన్యాయంగా తేడా చూపకూడదు.

అసలు దెబ్బ గ్రాంటు దగ్గర తగిలింది. 1994లో తీసుకున్న గ్రాంటు 20 ఏళ్ల లెక్కన 2014తో తీరాలి. 2003లో దానికి సవరణ రాసి 2,40,600 డాలర్లు అదనంగా తీసుకున్నారు. ఆ తేదీ నుంచి మళ్లీ 20 ఏళ్లు, అంటే 2023 దాకా బాధ్యత ఉందని ఎఫ్ఏఏ తేల్చింది. 2023 దాటినా 1948 పత్రం గొడవ తెగదు. అందుకే 2017 జనవరిలో రాజీకొచ్చారు: 2028 డిసెంబర్ 31 దాకా నడపాలి, ఆ తర్వాత మూసుకోవచ్చు. రన్‌వేను 4,973 అడుగుల నుంచి 3,500కు వెంటనే తగ్గించుకోవచ్చు. ఆ ఏడాది చివర్లోనే తగ్గించారు, జెట్ల రాకపోకలు బాగా పడిపోయాయి.

ఇక మీ ఊరి సంగతి. ముందు స్థలం నగరానికి ఎలా వచ్చిందో చూడండి. యుద్ధం తర్వాత మిగులు ఆస్తిగా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిందైతే షరతుకు సాధారణంగా గడువుండదు. తర్వాత ఏఐపీ (ఎయిర్‌పోర్టుల బాగుకు ఫెడరల్ ప్రభుత్వ పథకం) గ్రాంటుల జాబితా అడగండి, సవరణలతో సహా. రన్‌వే, లైట్లు, టాక్సీవే పనులకైతే గ్రాంటు ఒప్పుకున్న తేదీ నుంచి గరిష్ఠంగా 20 ఏళ్లు. గ్రాంటు డబ్బుతో భూమి కొని ఉంటే దానికి గడువే లేదు. చాలామంది ఆఖరి పెద్ద గ్రాంటు తేదీ చూసి ఆగిపోతారు, చిన్న సవరణలు కంటపడవు. "పగుళ్లు పూడ్చడానికే" అంటూ మొన్న తీసుకున్న గ్రాంటు ఒక్కటి ఉన్నా గడియారం మొదటికొస్తుంది. కౌన్సిల్ నిజంగా మూయాలనుకుంటోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది: కొత్త గ్రాంటులు తీసుకోవడం ఆపేసిందా, లేదా?

రాత్రికి రాత్రి తవ్వేస్తే పనైపోతుందని షికాగోను ఉదాహరణ చెప్పేవాళ్లుంటారు. 2003 మార్చిలో అక్కడి మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న ఎయిర్‌పోర్టు రన్‌వేను బుల్‌డోజర్లతో అలాగే తవ్వేశారు. ముందస్తు నోటీసు ఇవ్వనందుకు రోజుకు 1,100 చొప్పున 30 రోజులకు 33,000 డాలర్ల జరిమానా పడింది, ఎయిర్‌పోర్టు నిధుల్లోంచి వాడిన 10 లక్షలూ తిరిగి కట్టారు. ఆ తర్వాత చట్టం మార్చి జరిమానాను రోజుకు 10,000 చేశారు. పైగా మెగ్స్‌కు గ్రాంటు బాధ్యతలు అప్పటికే తీరిపోయాయి. మీ ఊరికి తీరాయో లేదో ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది. ఎయిర్‌పోర్టు మేనేజర్ ఇవ్వకపోతే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద నగర క్లర్కుకు దరఖాస్తు పెట్టండి, ఎఫ్ఏఏ జిల్లా ఆఫీసులోనూ అడగొచ్చు.